అసీసీ గుమ్మంలో పెద్దమ్మ చెప్పులు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ముఖం మీదే వెక్కిరించే రకం నేను. మలేషియాలోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళకు అలాంటి కథలకేం కొదవ? మా వీధిలో ఇంటికొకటి ఉండేది. నేను ఒక్కటీ నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగ్ చెప్పాను. కంటికి కనిపించింది గియ్యండి, కనిపించనిది గియ్యకండి అని పిల్లల్ని కసిరేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా అలాగే, చూసింది చూసినట్టు రాస్తాను. ఇందులో నేను చేసిన తప్పు ఉంది. దాన్నీ దాచను.

మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. నన్నూ తమ్ముణ్ణీ పెంచింది అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ. ఆమె జన్మలో విమానం ఎక్కలేదు. చదువు రాదు. ఆమె చూసిన పెద్ద ఊరు ఇపో ఒక్కటే, అది కూడా నేను అక్కడ ఉద్యోగంలో చేరాకే. రిటైరయ్యాక కూడా నేను ఇపోలోనే ఉండిపోయాను. ఆమె బాగన్ దాతుక్‌లో తమ్ముడి ఇంట్లో ఉండేది. వారం వారం కారు వేసుకుని వెళ్ళి చూసొచ్చేదాన్ని.

చివరి రోజుల్లో ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. కర్ర పట్టుకోమంటే కోపం వచ్చేది. నా చున్నీ కొంగు గుప్పిట్లో పట్టుకుని వెనకాలే నడిచేది. మెట్లు వస్తే రెండుసార్లు లాగేది, ఆగమని. నేను ఆగేదాన్ని.

కంటి ఆపరేషన్‌కు ఒప్పించడానికి నాకు ఏడాది పట్టింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

"నువ్వు పక్కనుంటేనే సేయించుకుంటాను సిట్టీ. ఈళ్ళ మాట నాకు అర్దం కాదు" అంది.

ఈళ్ళంటే తమ్ముడి పిల్లలు. వాళ్ళకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే అరవమే వస్తుంది. నేను చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఆపరేషన్ అయిన పదిహేను రోజులూ నేనే కంట్లో మందు వేస్తానన్నాను.

ఇక ఇటలీ సంగతి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక పాత పుస్తకంలో అగ్గిపెట్టెంత బొమ్మ చూశాను. అసీసీ అనే కొండ మీది ఊళ్ళో, చర్చి గోడ మీద ఏడు వందల ఏళ్ళ కిందట వేసిన బొమ్మ. ఒక సన్యాసి వంగి పిట్టలకు ఏదో చెబుతుంటాడు. అవి బుద్ధిగా వింటుంటాయి. ఆ అగ్గిపెట్టెంత బొమ్మ చూపించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ గోడ ముందు ఒక్కసారి నిలబడాలని ఎంత కోరిక ఉండేదో, చెప్తే పిచ్చిదంటారు. రిటైరయ్యాక కౌలాలంపూర్ నుంచి వెళ్ళే ఒక టూర్‌లో పేరిచ్చాను. పెద్దమ్మ ఆపరేషన్ ఆ తరువాతి నెలలో ఉంది కదా అనుకున్నాను.

ఆస్పత్రివాళ్ళు తేదీ ముందుకు జరిపారు. సరిగ్గా టూర్ వారంలోకి వచ్చి పడింది.

టూర్ మానుకోవచ్చు. ఆపరేషన్ వాయిదా వెయ్యమని ఆస్పత్రిని అడగొచ్చు. నేను రెండూ చెయ్యలేదు. వాయిదా వేస్తే పెద్దమ్మ అడ్డం తిరుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎందుకు వాయిదా అని తమ్ముడు అడుగుతాడని భయం. పెంచిన తల్లి కంటి కన్నా బొమ్మలే ఎక్కువైపోయాయా అంటే ఏం చెప్పను? అందుకే అబద్ధం ఆడాను. సముద్రం అవతల సారవాక్‌లోని కూచింగ్‌లో పరీక్ష పేపర్లు దిద్దడానికి రిటైరైన టీచర్లను కూడా పిలుస్తున్నారని చెప్పాను.

మావాళ్ళలో బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. పెద్దమ్మ ఆ పట్టింపు ఎప్పుడూ తప్పలేదు.

"దూరమేనా సిట్టీ?" అని మాత్రం అడిగింది.

"ఎంత దూరం పెద్దమ్మా, కూచింగే లా. పది రోజుల్లో వచ్చెస్తాను."

"సర్లే, గవర్మెంటు పని. ఎల్లిరా. నాను ఉండగల్ను."

ఆమె అలా అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేనిదాన్ని.

గురువారం ఆమెకు ఆపరేషన్. అదే గురువారం మా బస్సు అసీసీ చేరింది. తమ్ముడికి ఫోన్ చేస్తే అంతా బాగా అయిందన్నాడు. కుడి కంటికి కట్టు కట్టారట. వయసు ఎక్కువని ఆ రాత్రికి ఆస్పత్రిలోనే ఉంచుతున్నారట. మాట్లాడుతుంటే పైన గంటలు మోగాయి.

"ఏటక్కా ఆ గంటలు?" అన్నాడు.

"పక్కనే సర్చి ఉంది లా" అన్నాను. ఎంత చక్కగా వచ్చిందో అబద్ధం!

అసీసీ అంతా ఎక్కుడే. గులాబి రంగు రాతి గోడలు, సన్నటి సందులు, మెట్లు. ఒక సందులో ఎక్కుతుంటే నా చున్నీ వెనక్కి లాగినట్టయింది. బ్యాగు జిప్పుకు చిక్కుకుందనుకుని తిరిగి చూశాను. చిక్కుకోలేదు. పైకి వెళ్ళాక మళ్ళీ లాగింది, ఈసారి రెండుసార్లు. గాలి అనుకున్నాను. అంత గాలేమీ లేదు. అయినా అలాగే అనుకున్నాను.

చర్చి లోపలికి వెళ్ళేసరికి అక్కడ ఉదయం పదయింది. మా దేశంలో సాయంత్రం నాలుగు. పిట్టల బొమ్మ ద్వారం పక్కనే ఉంటుంది. నేను దాని ముందు నిలబడ్డాను. ఏం చెప్పను, ఏడుపొచ్చేసింది. సంతోషం కొంత. మిగతాదంతా కంటికి కట్టుతో పడుకున్న పెద్దమ్మ. చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. నన్ను ఎవరూ చూడలేదు. మా గుంపు అప్పటికే ముందుకు వెళ్ళిపోయింది.

అప్పుడే నల్ల కోటు వేసుకున్న కాపలా మనిషి గబగబా నా దగ్గరికొచ్చాడు. ఇటాలియన్‌లో ఏదో కసురుతూ గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. నాతో గది పంచుకున్న చైనీస్ ఆవిడ కూడా ఆ గొంతు విని వెనక్కి వచ్చింది. ఆవిడ రిటైర్డ్ నర్సు, పెనాంగ్ మనిషి. ఇద్దరం గుమ్మం వైపు చూశాం.

గుమ్మానికి ఒక పక్కగా ఒక జత చెప్పులు ఉన్నాయి. హవాయి చెప్పులు, మా దేశంలో సెలిపార్ జెపున్ అంటాం. కుడిదానికి నీలం వారు. గుడి ముందు విడిచినట్టు మడమలు బయటి వైపు, పక్కపక్కన సర్దినట్టు ఉన్నాయి.

"అయ్యో, సెలిపార్ జెపున్!" అని ఆవిడ నవ్వింది. మలేషియా నుంచి ఇంకెవరో వచ్చారంది. ఫోటో తీయబోతే కాపలా మనిషి ఆవిడ మీద కూడా అరిచాడు.

నాకు నవ్వు రాలేదు. ఎడమ చెప్పుకు వారు ఆకుపచ్చ రంగుది. ఇంట్లో పెద్దమ్మ ఎడమ చెప్పు వారు తెగిపోతే, ఇంకో పాత చెప్పు వారు పీకి వేసింది నేనే. కొత్తవి కొనిస్తానంటే ఆమె వద్దంది. ఆ ఆకుపచ్చ వారు నేను పెట్టిందే. దాని చివర నేను పళ్ళతో లాగినప్పటి గాటు కూడా ఉంది. నేను వంగి చూశాను. ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే బాగుండేదేమో, చేతకాలేదు.

మా గైడు పిలిస్తే కదిలాను. పావుగంట తరువాత తిరిగి వచ్చేసరికి అక్కడ చెప్పులు లేవు. కాపలా మనిషిని సైగ చేసి అడిగాను. భుజాలెగరేశాడు.

ఆ తరువాత నాలుగు రోజులు ఏం చూశానో, ఏం తిన్నానో గుర్తు లేదు.

తిరిగొచ్చాక నేను చేసిన పని వింటే మీరు ఛీ అంటారు. కౌలాలంపూర్‌లో దిగి, ఒక అంగట్లో కూచింగ్ కేకు కొన్నాను, అదే పొరలు పొరలుగా ఉండే సారవాక్ కేకు. సూట్‌కేసు ఇపోలో పడేసి, ఆ కేకు పట్టుకుని బాగన్ దాతుక్ వెళ్ళాను.

పెద్దమ్మ వరండాలో కూర్చుని ఉంది. కుడి కంటి మీద దూది. తమ్ముడూ మరదలూ పక్కనే ఉన్నారు. నా అడుగుల చప్పుడు వినగానే ముఖం వెలిగిపోయింది.

"వచ్చినావా సిట్టీ. నాను కూడా నీతో వచ్చినాను గదే" అంది.

తమ్ముడు నవ్వి, "ఎక్కడికి వచ్చినావు పెద్దమ్మా, కూచింగా?" అన్నాడు.

"ఏమో నాయనా. కొండ మీద ఊరు. అన్నీ రాతి మెట్లే. దీని కొంగట్టుకుని ఎక్కినాను. ఆగవే అని లాగినా ఆగదే! గుడి కాడ సెప్పులిడిసినాను. నల్ల కోటోడు ఒకడు అరిసినాడు. లోపల గోడలనిండా బొమ్మలే. ఒక సామి వంగి పిట్టలకి ఏటో సెప్తన్నాడు. ఆ బొమ్మ కాడ ఇది ఏడిసినాది." నా వైపు తిరిగింది. "ఎందుకేడిసినావే?"

నా చేతిలో కేకు డబ్బా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"కూచింగ్‌లో అంత కొండేటి పెద్దమ్మా!" అని తమ్ముడు మళ్ళీ నవ్వాడు.

నేనూ నవ్వాను. అవును, నవ్వాను. "కల కన్నావు పెద్దమ్మా. కంటికి మందేసినారు గదా, ఆ మత్తు" అన్నాను.

 మసక పట్టిన పెద్దమ్మ ఎడమ కన్ను నా వైపే ఉంది. "కలే అయ్యుంటది లే. ఆ కేకు కోసి అందరికీ ఎట్టు" అంది.

ఆ మాట ఆమె ఇక ఎవరి దగ్గరా ఎత్తలేదు.

లోపలికి వెళ్ళి పెద్దమ్మ చెప్పులేవని మరదల్ని అడిగాను. "ఆస్పత్రిలో పోయినాయి వొదినా. మంచం కిందే ఎట్టినాను. సాయంత్రం సూస్తే లేవు. వార్డంతా ఎతికినాము" అంది. ఏ రోజు అని అడిగాను. ఆపరేషన్ రోజే అంది.

తరువాత దూది తీసి చూశాను. కన్ను చింతనిప్పులా ఉంది.

సంగతి ఏమిటంటే, ఆపరేషన్ అయిన మూడో రోజు శనివారం. పెద్దమ్మ యాభై ఏళ్ళుగా శనివారం తలకు పోసుకోకుండా రామభజనకు వెళ్ళలేదు. నీళ్ళు తగలకూడదని నర్సు మలయ్‌లో చెప్పింది, తమ్ముడి కూతురు అరవంలో చెప్పింది. ఈమె తలూపింది. తెల్లవారుజామున అందరూ లేవకముందే బావి దగ్గరికి వెళ్ళి రెండు చెంబులు నెత్తిన పోసుకుంది. రాముడి దగ్గరికి మైలతో వెళ్తానా అందట. నేను ఉంటే తడిగుడ్డతో తల తుడిచి, ఇది స్నానమే పెద్దమ్మా అని నమ్మించేదాన్ని. నేను చెప్తే వినేది. నా మాట ఒక్కటే వినేది.

ఆ సాయంత్రమే ఇపో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నెలన్నర మందులు వాడాం. కుడి కంటి చూపు తిరిగి రాలేదు. రెండో కంటికి ఆపరేషన్ అంటే, ఒకటి పోయినాది సాలు అంది. ఇంకో రెండేళ్ళు బతికింది, ఆ మసకలోనే.

బాగా ఆలోచించాను. ఆ పిట్టల బొమ్మ ఎప్పుడైనా ఆమెకు చూపించానా అంటే, లేదు. పుస్తకం బడిలోనే ఉండేది. నేను ఇటలీ వెళ్ళానని ఆమెకు ఎవరైనా చెప్పారా అంటే, తెలిసినవాళ్ళే లేరు. పెనాంగ్ ఆవిడను ఫోన్‌లో అడిగాను, ఆ చెప్పులు గుర్తున్నాయా అని. "ఒక వారు ఆకుపచ్చది, అవేనా?" అంది. నేను ఏడవడం ఆవిడ కూడా చూడలేదు.

పెద్దమ్మ పోయినప్పుడు ఊరంతా వచ్చారు. సిట్టి ఇక్కడుంటే ఆ కన్ను పోయేది కాదు, గవర్మెంటు పిలిస్తే పాపం ఏటి సేస్తాది అని నా ముందే అన్నారు. నేను తలొంచుకుని విన్నాను. తమ్ముడు ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.

ఆమె అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే ఉండేది, ఆమెనే అడగడం. రెండేళ్ళు ఆమె మంచం పక్కన కూర్చుని, చూపులేని కంట్లో మందు వేస్తూ, ప్రతిసారీ ఈ రోజు అడుగుతాను అనుకునేదాన్ని. అడగాలంటే ముందు నేను వెళ్ళానని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. ఎందుకేడిసినావే అని ఆమె అడిగినదానికి కూడా నేను ఇంతవరకు జవాబు చెప్పలేదు.