ఇంజన్ ముట్టించకుండా తిప్పిన స్టీరింగ్

ఎనభైల్లో బాన్సువాడ చుట్టుపక్కల ట్రాక్టర్ డ్రైవర్‌ని పెట్టుకోవాలంటే లైసెన్సు తర్వాత, ముందు భుజం చూసేవాళ్లు. ఆగి ఉన్న బండి ఎక్కించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పమనేవాళ్లు. నేను ఒంటిచేత్తో తిప్పినవాణ్ని. హోటల్లో చాయ్ తాగినప్పుడల్లా ఆ గొప్ప చెప్పుకునేవాణ్ని, ఎవరూ అడక్కపోయినా.

ఆ గొప్పే నా కుడి భుజాన్ని తినేసింది. ఏళ్ల తరబడి బురద పొలాల్లో స్టీరింగ్‌తో కుస్తీ పట్టాక చెయ్యి పైకి లేవడం మానేసింది. నా భార్య రోజూ ఆముదం వేడిచేసి మర్దన చేస్తూ, "కూసో పహిల్వాన్" అనేది. సంగతి మా ఆసామికి తెలిస్తే పని పోతుందని నా భయం. నాకు వేరే పని రాదు.

ఆయన కోస్తా నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర కాలువ కింద పొలం కొన్నాయన. ఓ ఏడాది నాట్లకు ముందు కొత్త ట్రాక్టర్ తెచ్చి, "పవర్ స్టీరింగు. ఒక్క వేలితో తిరుగుద్ది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వేలితో తిరిగేదానికి నేనెందుకు? అందరూ చూస్తుండగా ఎక్కి, పాత అలవాటు కొద్దీ ఇంజన్ ముట్టించకుండానే స్టీరింగ్ పట్టి గుంజాను. అది కదల్లేదు. బలమంతా పెట్టాను. భుజం కలుక్కుమంది, కేక బయటికొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు ఆసామి.

"మూడేండ్ల సంది, పటేలా." ఇగ నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన తాళం తిప్పి ఇంజన్ ముట్టించాడు. "ఇంజను తిరిగితేనే పంపు తిరుగుద్దయ్యా. పంపు నూనెని గట్టిగా నెడుతుంది. నువ్వు కుడికి తిప్పితే వాల్వు ఓ దారి తెరుస్తుంది, నూనె వెళ్లి పిస్టన్ని తోస్తుంది, పిస్టను ముందు టైర్లని తిప్పుతుంది. ఎడమకి తిప్పితే నూనె రెండో పక్క నుంచి తోస్తుంది. నువ్వు దారి చెబితే చాలు, బలం దానిది."

ఎడమచేత్తో తిప్పాను. అంత బరువు మోసే ముందు టైర్లు చెప్పినట్టు తిరిగాయి.

"రేపు పొలం దమ్ము చెయ్యడానికి దీన్నే తీసుకెళ్లు" అన్నాడాయన. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాను.

ఇంటికొచ్చి ఇదంతా పూసగుచ్చినట్టు చెబితే, నా భార్య ఆముదం గిన్నె కింద పెట్టి పడీపడీ నవ్వింది. "గట్లనా! నూనె బండికి పోసేదుండె, నీ భుజానికి పోసినం. రుద్ది రుద్ది నా చేతులు పోయినయ్."

నేనూ నవ్వాను. ఆమె చేతులు నొస్తున్నాయేమోనని మూడేళ్లలో ఒక్కసారీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.