కోడి పొదిగిన కారు

చిలకలపూడి పాండురంగడి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. వాళ్ల తప్పు లేదు. మచిలీపట్నంలో రోల్డ్ గోల్డ్ గొలుసులకు పూత పెట్టే పని నాది. బంగారం కానిదాన్ని బంగారంలా చూపించి బతికేవాణ్ణి. ఆ అలవాటు మాటలోకీ కాస్త వచ్చింది. అయినా ఈసారి మాత్రం నిజం.

దివిసీమలో వరి పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్న రోజులవి. నాగాయలంక దుకాణాలకు గొలుసులిచ్చి తిరిగి వస్తూ, దాహమేసి దారి పక్కన ఒక ఇంటి ముందు స్కూటరు ఆపాను. పెరట్లో రేకుల పాక కింద కారు కనిపించింది. మామూలు కారు కాదు. పరుగు పందేల పిచ్చి ఉన్న అమెరికా కుర్రాళ్ల కోసం అక్కడివాళ్లు చేసిన బండి. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు. ముందు భాగం ఎంత పొడుగంటే, డ్రైవరు అవనిగడ్డలో కూర్చుంటే దీపాలు మోపిదేవిలో ఉంటాయి. సరే, ఒకటి రెండు మైళ్లు తగ్గించుకోండి.

ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. పిన్నిగారూ అని పిలిస్తే పలికింది. పంట బాగా పండిన ఒక ఏడాది ఆవిడ భర్త మద్రాసు వెళ్లి, ఎవరో సినిమా నిర్మాత వదిలించుకుంటుంటే ఆ కారు కొనుక్కొచ్చాడట. స్టీరింగు ఎడమ వైపు. అందుకని ఆయన పక్కన కుడి వైపు ఈవిడ కూర్చునేది. కాలవ గట్టు మీద ఎదురొచ్చినవాళ్లు కారు నడుపుతున్నది ఈవిడే అనుకుని పక్కకు తప్పుకుని దణ్ణాలు పెట్టేవాళ్లు.

"నేనేం కాదన్లేదు నాయనా. చేతులు ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చునేదాన్ని. చేతులొదిలేసి కూడా నడిపేస్తందిరా అని ఊరంతా చెప్పుకునేవోళ్లు."

ఉప్పెనప్పుడు ఉప్పునీళ్లు కారు అద్దాల దాకా వచ్చి నిలిచాయి. ఆ తర్వాత అది మళ్లీ కదల్లేదు. కొన్నేళ్లకు ఆయనా పోయాడు. ఇప్పుడు పొలం చెరువులకు కౌలుకిచ్చారు, పాక తీసెయ్యాలి. పాత ఇనుం వాళ్లు అప్పటికే ఒకసారి చూసి వెళ్లారు. వాళ్లు నరుక్కుపోతారని ఆవిడ బాధ. నడుపుకునేవాడు దొరికితే ఏదో ఒక ధరకు ఇచ్చేస్తానంది.

తలుపు లాగాను. వెనక సీట్లో గడ్డి పరుచుకుని కూర్చున్న కోడిపెట్ట నా వైపు గుడ్లురిమింది.

"నిన్ననే పొదగేశాను. ఇరవై ఒక్క రోజులు దాన్ని కదిలించేది లేదు" అంది పిన్నిగారు. "అందాకా ఆలోచించుకో. పిల్లలు దిగిన మర్నాడు చెరువులోళ్ల ట్రాక్టరొస్తది. నువ్వొస్తే నీ ఇంటికి లాగుద్ది. రాకపోతే ఇనుం కొట్టుకి."

ఆ వారం నేను పూత పెట్టిన ప్రతి గొలుసులోనూ ఆ కారు బంపరే కనబడింది. పామర్రు సెంటర్లో బస్సులన్నీ ఆగిపోయి దారిస్తున్నట్టు, కుడి వైపు మా ఆవిడ కూర్చున్నట్టు ఊహించుకున్నాను. ఆ మాటే మా ఆవిడతో అంటే, ముందు స్కూటరు సీటు కుట్టించమంది.

గుడివాడలో మా బావ లారీ మెకానిక్కు. బతిమాలి వెంటబెట్టుకెళ్లాను. బావ కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు కింద స్క్రూడ్రైవరు ఆనించాడు. గట్టిగా పొడవలేదు, ఆనించాడంతే. అది పిడి దాకా దిగిపోయింది. ఎర్రటి పొడి జలజలా రాలింది. ఇంకో నాలుగు చోట్ల ఆనించాడు. అన్ని చోట్లా అంతే.

"ఇందులో కారేదీ బావా?" అన్నాడు గొంతు తగ్గించి. "రంగొక్కటే నిలబడుంది. తాడు కట్టి లాగితే బంపరొస్తది, మిగతాది ఇక్కడే కూచుంటది."

పిన్నిగారు మజ్జిగ గ్లాసులతో వచ్చి, మీ బావ ఏమంటున్నాడని అడిగింది. పని ఉందంటున్నాడండీ అన్నాను. పని లేని బండి ఎక్కడుంటుందని సంబరపడింది ఆవిడ. బావ మజ్జిగ గటగటా తాగేసి, స్క్రూడ్రైవరుకంటిన ఎర్ర పొడి తుడుచుకున్నాడు.

నాకు ఇనుం గురించి తెలియకపోయినా పూత గురించి తెలుసు కదా అని నా ధీమా. తలుపు పిడి ఒకటి విప్పి, నిగనిగలాడించి తెస్తానని ఆవిడకు మాటిచ్చి తెచ్చుకున్నాను. పూతకు ముందు ఏ వస్తువునైనా యాసిడ్‌లో ముంచి శుభ్రం చెయ్యడం మా పద్ధతి. రాగి, ఇత్తడి తప్ప ఇంకో లోహం ముట్టని చేతులు నావి. ఆ పిడి ఏం లోహమో, ముంచీ ముంచగానే ఎసట్లో బియ్యంలా కుతకుత ఉడికింది. పట్టుకారుతో పైకి తీసేసరికి ఉడత కొరికిన జామకాయ మిగిలింది.

కొంటే ఆ కారు నా వాకిట్లో నా చేతుల్లోనే పొడైపోతుంది. కొనకపోతే ఆవిడ వాకిట్లో గొడ్డలికి పోతుంది. బతికించే దారి ఉందేమోనని ఎంత వెతికినా నాకు కనబడలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున్నే వెళ్లాను. పన్నెండు పిల్లలు దిగాయి. ట్రాక్టరుకు తాడు కట్టాం. పిన్నిగారు పట్టుచీర కట్టుకుని కుడి వైపు ఎక్కింది. పులిగడ్డ చేరేసరికి ఇంజను ఒక్కసారి దగ్గి, ఎనిమిది సిలిండర్లూ లేచాయి. తాడు తెంపుకుని ట్రాక్టరునే దాటేశాం. గట్టు మీద జనం తప్పుకుని దణ్ణాలు పెడుతుంటే ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఈ ఇరవై రెండో రోజుదంతా నేను కల్పించింది. మిగతాదంతా జరిగిందే. ఆ రోజు నేను వెళ్లలేదు. కొంటానని చెప్పే ధైర్యమూ లేదు, కొననని చెప్పే ధైర్యమూ లేదు. బందరులో నా పూత కొట్టు ముందు స్టూలు వేసుకుని అవనిగడ్డ బస్సులు ఒక్కొక్కటే వెళ్లిపోవడం చూస్తూ కూర్చున్నాను.

రెండు నెలల తర్వాత అటు వెళ్లక తప్పలేదు. పాక ఉన్న చోట చెరువు, చెరువులో నీళ్లు చిమ్మే చక్రాలు. పిన్నిగారు నన్ను గుర్తుపట్టి, అరుగు మీద కూర్చోమని మంచినీళ్లిచ్చింది.

"నువ్వొస్తావని ట్రాక్టరోణ్ణి పొద్దుగూకేదాకా ఆపాను నాయనా" అంది.

జ్వరమొచ్చిందని చెప్పాను.

"ఇప్పుడు తగ్గిందా?" అంది.