రాజుగారింట్లో అవ్వ

ఆ రోజుల్లో నాకు భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. మారతహళ్ళి పీజీలో బల్లి కనిపించినా, ఆఫీసులో మేనేజరు "ఒక్క నిమిషం" అన్నా ఒకటే దడ. అలాంటి నాకు పెళ్ళి కుదిరిన కొత్తలోనే, హొసకోటె నుంచి కాబోయే ఆయన నాయనమ్మ కబురు పంపింది, రాజుగారుండిన ఇల్లు ఆ పిల్లతో కలిసి చూడాలని. (ఇల్లు వంక మాత్రమే, చూడాల్సింది నిన్నేనని మా అమ్మ ఫోనులో తేల్చేసింది.)

ఒకప్పుడు రాజ్యమేలిన ఆ రాజుగారి నివాసం ఇప్పుడు మ్యూజియం. చిక్కపేట మెట్రోలో దిగి, ఆటో ఎక్కించి, అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. పడగ్గదీ కత్తులూ చూసుకుంటూ వంటశాల దాకా వచ్చాం. అక్కడ తాడు కట్టి, లోపల రాగి గుండిగల మధ్య వంటవాళ్ళ నిలువెత్తు బొమ్మలు పెట్టారు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను. వరండాలోకెళ్ళి మాట్లాడి వచ్చేసరికి అవ్వ లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీద పడిందా, బయటికెళ్ళి బజారు జనంలో కలిసిపోయిందా? ఆమె దగ్గర ఫోను కూడా లేదు. గదులన్నీ పరిగెత్తి వెతుకుతుంటే కాబోయే ఆయన ఫోను చేశాడు.

"అవ్వ బాగుండాదా?"

"ఆఁ, అన్నీ చూస్తున్నారండీ," అన్నాను. (ఎక్కడినుంచి చూస్తోందో దేవుడికే తెలియాలి.)

మళ్ళీ వంటశాలకొచ్చాను. ఎవరో భార్యాభర్తలు ఫోటో తీసుకుంటున్నారు. "ఆ మూల ముసలామె బొమ్మ అచ్చం మనిషిలానే ఉంది," అంటోంది భార్య. చూద్దును కదా, బొమ్మల వరసలో పీట మీద అవ్వ, ఊపిరి బిగబట్టి. కళ్ళు మాత్రం మెల్లగా నావైపు తిరిగాయి.

వాళ్ళు వెళ్ళాక, "అవ్వా, రండి," అన్నాను.

"మోకాళ్ళు పీకితే కూచుంటినమ్మా. ఆ కాకీ బట్టలాయప్ప వస్తా ఉంటే బిగుసుకుంటి. ఇప్పుడు కాళ్ళు మొద్దుబారి లేవలేకుండా ఉండాను. జైల్లో ఏస్తారా?"

నాకూ ఆ సంగతి తెలియదు. తాడు దాటి ఆమెను లేపబోతే, నా మోచెయ్యి తగిలి రాగి మూత ఖంగుమంటూ పడింది. కాకీ బట్టలాయన రానే వచ్చాడు. అవ్వా నేనూ ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నాం.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమజ్జీ, వంట ముగిసిందా? ఊటకి రావచ్చునా?" అని భోజనానికొచ్చిన చుట్టంలా అడిగి, రెండో వైపు చెయ్యి వేసి నెమ్మదిగా లేపాడు.

బయటికొచ్చాక కూడా అవ్వ నా చెయ్యి వదల్లేదు. "మా వాడితో చెప్పొద్దు తల్లీ, మళ్ళా యాడికీ పంపడు. మొదుట్లోనే నొప్పని చెప్పాల్సింది. ఆఫీసు పిల్లవి, ఏమనుకుంటావో అని బయపడితి."

నన్ను చూసి ఒక మనిషి భయపడటం నా జన్మలో అదే మొదలు.

ఇప్పుడు అవ్వా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. కూరలో ఉప్పు తక్కువైతే తక్కువని మొహానే చెప్పేస్తుంది. అలా అన్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ వేళ గుండెలరచేత పట్టుకుని గదులన్నీ తిరిగిన ఆ వెర్రిపిల్లను పిలిచి, కాసిని మంచినీళ్ళు తాగించి కూర్చోబెట్టాలనిపిస్తుంది.