ఊ లోయగారు

బుల్లియ్య తాత నోరు తెరిస్తే లోయ. పప్పులో ఉప్పు తక్కువైనా లోయ, వానకి పైకప్పు కారినా లోయ, పక్కింటి పెళ్ళి సంబంధం తప్పిపోయినా లోయే. ఆ లోయ యాంగోన్‌లో లేదు, అసలు బర్మాలోనే లేదు. సముద్రాల అవతల వేల్స్ అనే దేశంలో, కొండల నడుమ, చలిలో ఉంది. తాత దాన్ని ఎన్నడూ చూడలేదు. డెబ్భై ఆరేళ్ళలో తాము ఉండే బోటాటౌంగ్ పేట దాటి ఆయన చేసిన అతి పెద్ద ప్రయాణం నది అవతలి ట్వంటే ఊరికి, కుండలు కొనడానికి. అదీ పడవలో దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ.

దీనంతటికీ కారణం ఆ లోయ మీద రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం. రేవు గోదాములో గుమాస్తాగా చేరిన కొత్తలో పన్సొడాన్ వీధిలో పాత పుస్తకాల మధ్య దొరికింది. ముందు అట్ట లేదు, వెనక ముప్పై పేజీలు చెదలు తినేశాయి. ఆ లోయలో పారే నది పేరులో హల్లులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, మధ్యలో అచ్చు దూరడానికి సందు లేదు. తాత రెండు రోజులు నాలుకతో కుస్తీ పట్టి, చివరికి ‘మా ఏరు’ అని పేరు పెట్టేశాడు.

మనవరాలు మల్లికకి ఈ లోయ పాలతోపాటే పట్టారు. ఏడో క్లాసులో బడికి దణ్ణం పెట్టి, ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లో అద్దాలు అంటించే పిల్ల. తనుండే దేశం పటంలో నాలుగు ఊళ్ళు చూపించలేదు గానీ, వేల్స్‌లో పలకరాయి ఎక్కడ దొరుకుతుందో నిద్రలో లేపినా చెబుతుంది.

ఓ వానరోజు బురదకాళ్ళతో ఇంట్లోకి వచ్చింది.

"కడగకే!" అని అరిచాడు తాత. "అలగే ఉంచు."

"ఏటి తాతా?"

"బురదే కదేటే సముద్రం అడుగున నొక్కుకుపోయి పలకరాయయ్యింది! నలభై అయిదు కోట్ల ఏళ్ళు ఓపిక పట్టు."

"అందాకా మంచం ఎక్కొచ్చా?" అంది మల్లిక.

చీపురుతో వచ్చిన చిన్నతల్లి మామ్మ, "ముందు నా గచ్చు మీదనించి దిగండి, ఇద్దరూ," అంది.

కిళ్ళీకొట్టు సూరికి కూడా లోయ సెగ తగిలింది. కొండ ఒడిలో గిన్నెలా ఉండే పల్లాన్ని వాళ్ళ భాషలో ‘కూమ్’ అంటారని చెప్పబోయి, "సూరీ, కూమ్ తెలుసా?" అన్నాడు తాత. బర్మా భాషలో తమలపాకుని ‘కూన్’ అంటారు. సూరి వెంటనే ఆకు చుట్టి నోట్లో పెట్టేశాడు. ఆ రోజు లోయ గురించి ఒక్క ముక్క బయటికి రాలేదు. వీధి వీధంతా సూరిని మెచ్చుకుంది.

అయితే అసలు తమాషా ఇంకోటి. బర్మాలో పెద్దమనిషి పేరు ముందు గౌరవంగా ‘ఊ’ అంటారు. ఇంగ్లీషు బోర్డుల మీద అది ఒకే ఒక్క అక్షరం, U. పుస్తకంలో ఆ లోయ U ఆకారంలో ఉందని రాసుంది. తాత దాన్ని ‘ఊ’ అని చదివాడు!

"ఏరు కోసిన లోయ V. కుర్రోడు, మర్యాద అక్కర్లేదు," అని వీధికంతా వివరించేవాడు. "మంచు సెక్కిన లోయ పెద్దాయన. అందుకే ముందు ఊ ఎట్టేరు. తెల్లోళ్ళకీ మన్ననుందన్నమాట."

వీధి యాభై ఏళ్ళుగా నవ్వుతూనే ఉంది. "ఊ లోయగారు కులాసాయేనా?" అని అడిగేవాళ్ళు. "కులాసా, కొంచెం మంచు పడతంది," అనేవాడు తాత.

నవ్వుల మాట ఎలా ఉన్నా, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మాత్రం అందరికీ తాతే కావాలి. ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని మొదలుపెట్టేవాడు. "మంచు మెల్లగ దిగుతంది. ఎంత మెల్లగా అంటే, గొర్రి మేత మేస్తూ ఎనక్కి సూసేలోగా ఎయ్యేళ్ళు. ఇంత బండ భుజానెత్తుకుని వచ్చింది, కొండ మీద దించీసింది, కరిగిపోయింది. మన రేవు కళాసీల్లాగే, పేరు సెప్పకుండా ఎల్లిపోయింది." కిటికీ అవతల నది మీద పడవ కూత సాగుతూ ఉండేది. మామ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయేది. చెమట ఆరినట్టుండేది. మల్లికకి ఒక్కోసారి తమ సందు గోడలే పచ్చటి వాలులై, చివరున్న పంపు దగ్గర ఏరు పొగమంచులో గొణుగుతున్నట్టు వినిపించేది. కరెంటు వచ్చాక ఫ్యాను తిరిగితే, ఎవరో తలుపు మూసేసినట్టు లోయ మాయమయ్యేది.

ఇలా ఉండగా, తెలుగు సంఘం హాలులో ఆదివారం పిల్లలకి తన లోయ గురించి చెప్పమని తాతని పిలిచారు. తాత ధోవతికి ఇస్త్రీ చేయించాడు. మామ్మ ముందు వరసలో కూర్చుంటానంది. అంతలో తెలిసింది, ఆ రోజు ముఖ్య అతిథి కృష్ణకుమార్ గారని. ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెబుతాడు.

తాతని ఏడిపించడం మల్లిక హక్కు. వీధి ఏడిపిస్తే వీధి హక్కు. కానీ అంతమంది పిల్లల ఎదుట, ఇస్త్రీ ధోవతిలో నిలబెట్టి, చదువుకున్నాయన తప్పు దిద్దితే?

"తాతా, అది యూ. ఏదీ, యూ అను."

"ఊ."

"ఊ కాదు, యూ!"

"ఊ," అన్నాడు తాత, నిశ్చింతగా.

శనివారం తాత కునుకు తీస్తుంటే బిస్కెట్ల డబ్బాలోంచి పుస్తకం తీసింది, ఇంగ్లీషు కూడబలుక్కుని ఆయనకే చూపిద్దామని. ఆ పేజీ అంచున, మసకబారిన పెన్సిలుతో తాత చేతిరాత ఉంది. చిన్న గిన్నెలాంటి బొమ్మ. పక్కన ‘U అక్షరం ఆకారం’. దాని కింద ‘చిన్నతల్లి చదివింది: ఊ’.

మల్లిక తాతని కుదిపి లేపింది. "నీకు తెలుసు!"

"మెల్లగ. మీ మామ్మ ఇంటాది." తాత లేచి కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళు పెట్టిల మీద ఇంగ్లీషు సదివినోణ్ని, U తెలీదేటే నాకు? పెళ్ళయిన నెల అది. మీ మామ్మకి అచ్చరం ముక్క రాదు. ఈధిలో పేర్ల బోర్డులు సూసి సూసి ఆ ఒక్కటీ గురుతెట్టుకుంది. నాను పుస్తకం ఇప్పితే ఏలెట్టి ‘ఊ’ అని సదివీసింది. ‘ఈయనెవులో పెద్దాయనయ్యా’ అంది. ఆ మొకం నువ్వు సూడనేదు. తప్పని ఎలగ సెప్తాను?"

"మరి తరవాతైనా?"

"తరవాత ఈధంతా సెప్పీసింది. నవ్వడం మొదలెట్టేరు. ఆ మాట నాదే అన్నాను. నవ్వితే నన్ను నవ్వుతారు, నా మొకం మందం."

మల్లిక పుస్తకాన్ని డబ్బాలో పెట్టి, మూత నెమ్మదిగా నొక్కింది.

ఆదివారం హాలు నిండింది. మల్లిక గారెల పళ్ళెం పట్టుకుని, మామ్మకీ కృష్ణకుమార్‌కీ మధ్య కుర్చీలో బైఠాయించింది. తాత బోర్డు మీద లోయ గీశాడు, మంచుని దింపాడు, బండని కొండెక్కించాడు. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

"అందుకే పిల్లలూ, ఈయన్ని ఊ అనాల!"

కృష్ణకుమార్ చెయ్యి లేచింది. మల్లిక ఆ చేతిలో గారె పెట్టింది.

"అది అక్షరం కదమ్మా?" అన్నాడాయన గుసగుసగా.

"తాతకీ తెలుసు సార్. తినండి."

ఆయన మల్లికని చూశాడు. ముందుకు వంగి, మెడ సాచి వింటున్న మామ్మని చూశాడు. గారె కొరికి, నమిలి, మింగి మళ్ళీ చెయ్యెత్తాడు.

"బుల్లియ్యగారూ, ఊ లోయగారి వయసెంతండీ?"

"మా పెద్దాయనదా? రాయి వయసు సెప్పమన్నారా, మంచు వయసు సెప్పమన్నారా?" అన్నాడు తాత, ఛాతీ విప్పి. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్య మామ్మ మల్లిక చెవి దగ్గరికి వంగింది.

"ఒలే, ఎవుల్తోనూ అనకు. అది ఊ కాదు, యూ. నువ్వు ఒకటో క్లాసులో ఏబీసీడీ పాడినప్పుడే తెలిసింది. మొదట తప్పు సదివింది నానే. పాపం, మీ తాతకి ఇంగ్లీసు అంతంత మాత్రమే కదా, అదే నమ్మీసేడు. ఇన్నేళ్ళకి సెప్తే సిన్నబోతాడని నోరు మూసుకున్నాను."

మల్లిక నోరు తెరిచింది. వేదిక మీద తాత మామ్మ వైపు చూసి మీసం దువ్వాడు. మామ్మ కూడా కొత్తగా వింటున్నదానిలా తల ఊపింది.

పళ్ళెంలో ఒక్క గారె మిగిలింది. మల్లిక దాన్ని తన నోట్లోనే పెట్టుకుంది.