మనవరాలి కూలింగ్ గ్లాసు

వేసవి గాలి మొదలైతే, బంగారు గని కూలీలకని వరసగా కట్టిన మా లైన్ ఇళ్లలో గిన్నెలన్నీ బోర్లించి పెట్టుకుంటాం. గనులు నడిచిన కాలంలో రాయిని పొడి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని ఊరి పక్కనే గుట్టలుగా పోశారు. వాటిని సైనైడ్ దిబ్బలంటాం. గనులు మూతపడ్డాయి, దిబ్బలు మాత్రం అలాగే ఉన్నాయి. గాలి లేస్తే ఆ సన్నటి పొడి మూసిన కిటికీలోంచి కూడా వస్తుంది. అన్నంలో పడితే పంటికి తెలుస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకది అలవాటే. నా మనవరాలికి అలవాటు కాలేదు.

అది మాలూరు దగ్గర లక్కూరులో పుట్టింది. కూతురికీ అల్లుడికీ వేమగల్ ఫ్యాక్టరీలో పని దొరికి, ఇద్దరికీ వేరువేరు షిఫ్టులు పడేసరికి, అక్కడే ఒక గది తీసుకుని పిల్లను నా దగ్గర వదిలారు. ఆదివారం వచ్చి చూసి పోతారు. రెండో తరగతిలో ఇక్కడి బడిలోనే చేర్పించాను. మొదటి వేసవిలోనే దాని కళ్లు ఎర్రబడ్డాయి. పొద్దున లేస్తే రెప్పలకు దారాల్లాంటి పుసి. ఎండలోకి వస్తే తల దించేసుకుని, కళ్లు సన్నం చేసి, నా కొంగు పట్టుకుని నడిచేది. ఎప్పుడు చూసినా రెండు పిడికిళ్లతో కళ్లు రుద్దుకుంటూనే ఉండేది. రుద్దొద్దంటే వీపు తిప్పుకుని రుద్దేది.

బడిలో టీచరమ్మ దాన్ని ఆట పీరియడ్‌లో బయటికి పంపడం మానేసింది. కళ్లు తగ్గేదాకా వరండాలో కూర్చోమంది. తక్కిన పిల్లలు ఖో-ఖో ఆడుకోవడానికి పోతూ పోతూ నీళ్ల బాటిళ్లన్నీ తెచ్చి దీని ముందు పెట్టి పోయేవారు.

"అవ్వా, నేను బాటిళ్లు కాసేదానికేనా ఇస్కూలుకు పోయేది?" అని ఒక సాయంత్రం అడిగింది.

మరుసటి రోజే కోలారు బస్సెక్కించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కూతురు వేమగల్ నుంచి నేరుగా అక్కడికే వచ్చింది.

డాక్టరు పిల్ల రెప్ప తిరగేసి చూశాడు. దుమ్ముకూ ఎండకూ వచ్చే అలర్జీ అన్నాడు. "దీంతో ప్రాణభయం ఏమీ లేదమ్మా. రుద్దుకునేదే ప్రమాదం. రుద్ది రుద్ది నల్లగుడ్డు మీది పొర పాడైతే చూపు సరిచేసేది కష్టం" అన్నాడు. చుక్కల మందు రాశాడు. దురద పుడితే చల్లటి తడిగుడ్డ పెట్టమన్నాడు. బయటికి పోయినప్పుడు టోపీ, కూలింగ్ గ్లాసు ఉండాలన్నాడు. అద్దాన్ని ఊరికే కొనవద్దనీ, ఎండలో కంటికి కనిపించని కిరణాలుంటాయనీ, వాటిని ఆపేది మాత్రమే తీసుకోవాలనీ, దాని మీద ఇంగ్లీషులో యు, వి అనే అక్షరాలుంటాయనీ చెప్పాడు.

కూతురికి షిఫ్టు టైమవుతోంది. "అమా, గ్లాసు నువ్వే తీసిచ్చేయి. నీకు తెలుసు కదా" అని బస్టాండులో వేమగల్ బస్సెక్కేసింది.

నాకు తెలుసనే నేనూ అనుకున్నాను. మా ఇంటాయన గని వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేసేవాడు. ముఖానికి అడ్డం పట్టుకునే తెరలో బిగించే నల్లటి అద్దం ముక్క ఒకటి ఇంట్లో ఉండేది. అన్నిటికంటే నల్లటిది. సూర్యగ్రహణం రోజున లైన్ ఇళ్లవాళ్లందరూ మా గడప ముందు వరుసలో నిలబడేవారు. చిన్నాపెద్దా ఒక్కొక్కరుగా ఆ అద్దంలోంచి చూసి పక్కవాళ్లకు ఇచ్చేవారు. ఎవరైనా నల్ల సోడాసీసా ముక్కో, ఎక్స్‌రే ఫిలిమో తెచ్చుకుంటే ఆయన లాగేసుకునేవాడు. "ఇది చూడప్పా, ఎంత నల్లగా ఉండాదో. నల్లగా ఉంటేనే కంటికి కాపు" అనేవాడు. వెల్డింగ్ మెరుపు ముందు బతుకంతా గడిపి, చివరిదాకా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించిన మనిషి. ఆ మాట తప్పని ఎవరంటారు? మా లైనులో ఈ రోజుకీ అందరి నమ్మకం అదే.

మా రాబర్ట్‌సన్‌పేట బజారులో పేవ్‌మెంటు మీద కూలింగ్ గ్లాసులు అట్టకు గుచ్చి అమ్ముతుంటారు కదా, అక్కడికి పోయాం. నేను చదువు నేర్చుకున్నది పిల్లలు పెద్దయ్యాక, మా చర్చి స్త్రీల కూటంలో. తెలుగు చదువుతాను. కన్నడ బోర్డులు అక్షరాల పోలికను బట్టి పోల్చుకుంటాను. ఇంగ్లీషు రాదు. అందుకని స్టిక్కర్ మీది అక్షరాలు పిల్ల చేత చదివించాను. నాలుగైదు జోళ్ల మీద యు, వి ఉన్నాయి. నాలుగు పదులు దాటాక అక్షరం నేర్చుకున్నదానికి అచ్చులో ఉన్నది అబద్ధం అని తోచదు. ఇక ఆ నాలుగైదింటిలో ఏది నల్లనిదో చూడటమే నా పని. పక్క దుకాణంలో వెలుగుతున్న బల్బుకు ఒక్కొక్కటీ అడ్డం పెట్టి చూశాను. దేనిలో వెలుగు బాగా చచ్చిపోయిందో అది తీసుకున్నాను.

అది పెద్దవాళ్ల కొలత. పిల్ల ముక్కు మీద నిలవలేదు. ఇంటికి వచ్చి, రెండు కాడలకూ లంగా ఎలాస్టిక్ ముక్క కుట్టి తల వెనక బిగించాను. మా ఆయన పనిలో పెట్టుకునే గాగుల్స్‌కు అలాగే ఉండేది.

పక్కింటామె చూసి పడి పడి నవ్వింది. "ఏందక్కా, పిల్లను గని షిఫ్టుకు పంపిస్తా ఉండావా? నెత్తిన దీపం ఒకటే తక్కువ!"

"కండ్లు బాగయితే నీకెందుకే" అన్నాను.

కళ్లు బాగు కాలేదు. చుక్కలు వేళకు వేస్తున్నాను, తడిగుడ్డ పెడుతున్నాను, అయినా ఎరుపు కొద్దిగా తగ్గి అక్కడే ఆగిపోయింది. పిల్ల ఎండలోంచి నీడలోకి వస్తే తడుముకునేది. ఒకరోజు వీధిలో కాలువ గట్టు కనపడక పడి మోకాలు చీరుకుంది. అప్పటి నుంచి నేను చూస్తున్నంతసేపూ పెట్టుకుని, మలుపు తిరగగానే నుదుటి మీదికి తోసేసేది. దుమ్ము పడేది, రుద్దేది. టీచరమ్మ ఇంకా వరండాలోనే కూర్చోబెడుతోంది.

ఆదివారం వచ్చిన కూతురు దాన్ని కేకలేసింది. "పెట్టుకోమంటే పెట్టుకునేదానికేం? మొండిది! అవ్వ చెప్పినట్ల విను."

"చీకటిగా ఉండాది మా. ఏమీ కనపడదు."

"చీకటిగా ఉంటేనే మంచిది" అన్నాను నేను. మా ఆయన మాటే అది.

రెండోసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. "తగ్గాల్సినంత తగ్గలేదమ్మా. రుద్దేది ఆగలేదు. ఇట్లే ఉంటే ఇంకా గట్టి మందు వేయాలి. ఆ మందు చిన్నపిల్లలకు ఎక్కువ దినాలు వేసేది నాకిష్టం లేదు" అన్నాడు. గ్లాసు చూపించమన్నాడు. ఎలాస్టిక్ చూసి నవ్వలేదు. అద్దం పక్కల నుంచీ పైనుంచీ ఎంత సందు ఉందో వేలు పెట్టి చూపించాడు. "దీన్ని యాడైనా కండ్లద్దాల అంగడిలో టెస్టు చేయించండి. ఈసారి పిల్లలదే తీసుకోండి" అన్నాడు.

బస్సులో పిల్ల నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. గట్టి మందు అన్న మాటే నా చెవుల్లో ఉంది. తప్పు పిల్లదో, మందుదో, గ్లాసుదో నాకు తేలడం లేదు. గ్లాసుది కాదనే అనుకుంటున్నాను. మరుసటి రోజు బడి అయిపోగానే పిల్లను అటే బజారుకు తీసుకుపోదామని, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ట్రంకుపెట్టెలోంచి మా ఆయన అద్దం ముక్క తీసి గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. వాదించడానికే.

బజారులో బట్టల అంగడి శెట్టిగారి కోడలు పక్కనే కండ్లద్దాల అంగడి నడుపుతుంది. ఆమె మా నల్ల జోడు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. సొరుగులోంచి బొటనవేలంత టార్చి తీసింది. పిల్లను దగ్గరికి పిలిచి, "ఇది కంటికి కొట్టగూడదు, సరేనా? చొక్కాకు మాత్రమే" అని, యూనిఫాం తెల్లచొక్కా మీద వెలుగు వేసింది. చొక్కా నీలంగా మెరిసింది. పిల్ల "హా!" అంది.

"సోపు పొడి మెరుపమ్మా అది. కనిపించని వెలుగు తగిలితే అట్ల మెరుస్తుంది. ఇప్పుడు చూడండి" అని మా నల్ల జోడును టార్చికీ చొక్కాకూ మధ్యన పెట్టింది. చొక్కా మెరుస్తూనే ఉంది. కొంచెం మసకగా, కానీ మెరుస్తూనే ఉంది.

తర్వాత ఇంకో అద్దం తీసింది. లేత టీ నీళ్ల రంగు. అందులోంచి ఆమె వేళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాన్ని అడ్డం పెట్టగానే చొక్కా మీద మెరుపు ఠక్కున ఆరిపోయింది.

"ఇంగొకసారి" అన్నాను.

మళ్లీ చూపించింది. మళ్లీ ఆరిపోయింది.

"మరి దీని మీద అక్షరాలుండాయి కదమ్మా?"

"స్టిక్కరే కదా, ఎవరైనా అంటిస్తారు. ఇంత నల్లది అయితే ఇంకా చెరుపమ్మా. చీకటైతే కంటిపాప పెద్దదవుతుంది కదా? తలుపు బార్లా తీసి పెట్టినట్లే. చూసేదానికి నల్లగా ఉండాది, కనిపించనిదంతా లోపలికి పోతా ఉండాది."

నేను సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పాను. "దీన్ని చూడు" అన్నాను. ఆమె దాన్ని తీసుకుంది. చొక్కాకు అడ్డం పెట్టి టార్చి వేసింది. చొక్కా మీద ఏమీ లేదు. టార్చి దగ్గరికి తెచ్చింది. ఏమీ లేదు.

"ఇది వెల్డింగ్‌ది కదా? ఎవరిది?"

"మా ఇంటాయనది."

"గట్టి అద్దమమ్మా. నల్లగా ఉన్నందుకు కాదు కాపాడింది. ఆ పనికనే చేసినారు దీన్ని."

నేను దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాను. ఆయన అద్దం సరైనదే. ఆయన చెప్పిన కారణమే తప్పు. ఇన్నేళ్లూ రెండూ ఒకటే అనుకున్నాం.

ఆ తర్వాత ఆమె జోళ్లు పెట్టి చూసిన పద్ధతి నాకు నచ్చింది. గాజు వద్దంది. పడితే పగిలి కంట్లో గుచ్చుకుంటుందని, ప్లాస్టిక్‌వే తీసింది. ఒక్కొక్కటీ పిల్లకు పెట్టి, తల ఊపమంది, కిందికి వంగి చెప్పు సరిచేసుకోమంది. గట్టిగా నవ్వమంది. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేమును పైకి తోస్తే అది పక్కన పెట్టేసింది. పక్క నుంచి చూసి సందు ఉన్నదీ పక్కన పెట్టింది. చివరికి ముఖానికి చుట్టుకున్నట్టు కూర్చునేవి రెండు మిగిలాయి. రెండింటికీ టార్చి వేసి చూపించింది. ఒకటి నల్ల ఫ్రేము, ఒకటి చిలకపచ్చ. పచ్చదాని కాడల మీద పసుపు చుక్కలు.

"నల్లదియ్యి" అన్నాను. బడికి పోయే పిల్లకు అదే మర్యాదగా ఉంటుందని.

"నాకు పచ్చది" అంది పిల్ల.

"ఎవురు పెట్టుకునేది, అవ్వనా, పాపనా?" అంది శెట్టిగారి కోడలు. "మీరు లేనప్పుడు ముక్కు మీద నిలవాల్సింది ఇదమ్మా."

పచ్చదే తీసుకున్నాం. బడిలో టీచరమ్మ మొదట ఒప్పుకోలేదు. ఒకరు పెట్టుకొస్తే రేపు క్లాసంతా పెట్టుకొస్తుందని ఆమె భయం. డాక్టరు చెప్పాడని చెప్పాను. ఆమె పిల్ల రెప్పలు తనే దగ్గరగా చూసి, బయట మాత్రమే, లోపలికి రాగానే తీసి డబ్బాలో పెట్టాలి అని ఒప్పుకుంది.

పిల్ల ఇప్పుడు మలుపు తిరిగాక కూడా తీయడం లేదు. నేను రెండు రోజులు వెనకే పోయి చూశాను. గట్టి మందు అవసరం రాలేదు. తర్వాతిసారి డాక్టరు రెప్ప తిరగేసి, "ఇంగ ఆడుకోనివ్వండి" అన్నాడు. గాలి రోజుల్లో దురద ఇప్పటికీ వస్తుంది, చుక్కలు ఇప్పటికీ వేస్తాను. కానీ బాటిళ్ల దగ్గర కూర్చోవడం అయిపోయింది. సాయంత్రం వచ్చేసరికి మోకాళ్లదాకా మట్టి, ముఖం మీద దుమ్ము, కళ్ల చుట్టూ మాత్రం శుభ్రంగా రెండు గుండ్రాలు.

పోయిన వారం పక్కింటామె వచ్చింది. ఆమె మనవడికీ కళ్లు ఎర్రబడుతున్నాయట.

"ఆ నల్లది ఊరికే పడుండాది కదక్కా. మావాడికి ఇయ్యి. అదైతే బాగా నల్లగా ఉండాది."

నేను లోపలికి పోయి జోడు తెచ్చాను. ఆమె చెయ్యి చాపింది. నేను గడప మీద కూర్చుని, దాన్ని గుడ్డలో పెట్టి, రోకలిబండతో రెండు అద్దాలూ పగలగొట్టాను.

"అయ్యయ్యో! ఇయ్యనంటే ఇయ్యనని నోటితో చెప్పొచ్చు కదా!"

"ఇయ్యగూడదనే పగలగొట్టినాను. కూర్చో, చెప్తాను. రేపు వాణ్ణి తీసుకుని బజారుకు పోదాం. తెల్లచొక్కా తొడిగించు."

"చొక్కా ఎందుకు? కండ్లకు కదా గ్లాసు?"

ఇంట్లోంచి మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "నేనూ వస్తా అవ్వా! టార్చి నేను కొడతా. నాకు తెలుసు, కంటికి కొట్టగూడదు!"