మంచుపెట్టెలో పట్టీలు

కరీంనగర్ నుంచి మంచిర్యాల పోయే బస్సులో థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మంచు కరిగి బట్టలు తడుస్తున్నాయి. పక్క సీటామె చేపలా అని అడిగితే ఔనన్నాను. నాకు అబద్ధాలు కొత్త కాదు. అసలు ఆ పెట్టె మోయాల్సి వచ్చిందే ఒక అబద్ధం వల్ల.

అందులో ఉన్నవి మా అక్క కాలి పట్టీలు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడింది. అప్పటి నుంచి క్యాలిపర్ కట్టుకునే నడుస్తుంది. కాలికి అటొకటి ఇటొకటి అల్యూమినియం పట్టీలు, వాటిని పట్టి ఉంచే తోలు బెల్టులు. మందమర్రిలో బాపు దగ్గరే ఉండి బట్టలు కుడుతుంది.

వానాకాలంలో ఆటో దిగుతూ జారితే ఒక పట్టీ వంగింది. బాపు బొగ్గుగని వర్క్‌షాపులో కమ్మరి పని చేసి రిటైరైన మనిషి, ఇంటి వెనక ఇప్పటికీ కొలిమి ఉంది. పట్టీని కాచి, సుత్తెతో సాపు చేసి, నీళ్లలో ముంచాడు. ఆయనకు తెలిసిన ఉక్కయితే అట్లా ముంచగానే గట్టిపడుతుంది. ఈ లోహం గుణం వేరు. ఎర్రబడకుండానే మెత్తబడుతుంది, ఇంకాస్త కాస్తే కరిగే పోతుంది. నీళ్లలో ముంచాక కూడా మెత్తగానే ఉంటుంది. మళ్లీ సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచితేనే పూర్తి బలం వస్తుంది. కరీంనగర్‌లో ఒక ఫోర్జింగ్ షెడ్డులో అల్యూమినియాన్ని అట్లా గట్టిపరచడమే నా ఉద్యోగం.

ఆ వారం ఇంటికి పోతే బాపు పట్టీ నా చేతిలో పెట్టాడు.

"చూడు బిడ్డా, మీ మిషిన్ల కంటె తక్కువున్నదా?"

నొక్కి చూస్తే లొంగింది. కానీ రిటైరయ్యాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"మస్తుగున్నది బాపూ," అన్నాను.

వెంటనే కొత్తవి చేసి పంపుదాంలే అనుకున్నాను. షెడ్డుకు పోయి ఆర్డర్ల గోలలో పడ్డాను.

మెట్ల మీద పట్టీ మడతపడి అక్క పడింది. మణికట్టు విరిగింది. కుట్టుమిషన్ మూలకు చేరింది. బాపు ఆమెనే తిట్టాడు. ఫోన్‌లో నాకూ చెప్పాడు.

"ఎంత చెప్పినా ఉరుకుడే. నువ్వు చూసి మంచిగున్నదన్న పట్టీ ఊకెనే వంగుతదా?"

నేను ఊఁ అన్నాను. ఆ ఊఁ గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అందుకే షెడ్డులో కొత్త పట్టీలు చేశాను. వాటికే ఈ మంచు. కాచి ముంచిన పట్టీ ఊరికే ఉంచినా నెమ్మదిగా బిగుస్తుంది, చల్లగా పెడితే ఆ బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. మెత్తగా ఉండగానే అక్క కాలి వంపుకు సరిగ్గా వంచాలి, ఆ వంపు బాపు చేతికే తెలుసు. తర్వాత తీసుకుపోయి షెడ్డులో గట్టిపరుస్తాను.

ఇంటికి చేరగానే బాపు పట్టీ అందుకుని అలవాటుగా కొలిమి వైపు నడిచాడు.

"కొలిమి వద్దు బాపూ. చల్లగనే వంచు."

వంచాడు. చేతికి సులువుగా లొంగింది.

"గిది గింత మెత్తగున్నదేంది?"

"కాచి నీళ్లల్ల ముంచితె గట్లనే ఉంటది. మల్ల పొయ్యిల పెట్టినంకనే గట్టిపడ్తది."

బాపు పట్టీని చూశాడు, కొలిమిని చూశాడు.

"మరి నేను కాచింది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"గదీ మెత్తగనే ఉండె. నాకు గా దినమే ఎర్కైంది. నీ మనసు నొస్తదని చెప్పలే."

బాపు పట్టీ పట్టుకుని ఇంట్లోకి నడిచాడు. చేతికి కట్టుతో కూర్చున్న అక్క ముందు కింద కూర్చుని, పట్టీని ఆమె కాలికి ఆనించి వంపు చూసుకున్నాడు.

"నిన్ను ఉత్తగనే తిట్టిన బిడ్డా. నువ్వు ఉరకలే. పట్టీదే తప్పు."



"పట్టీదా?" అంది అక్క. "చెల్లె చూసి మంచిగున్నదన్నది గద. నా కాలే ఇంకింత ఖరాబైతున్నదనుకున్న."