గుర్రానికి రెండో పక్క

మొన్న మా తోడికోడలి కూతురు ఓ పాత చెక్క బోర్డు తెచ్చి నా ముందు పెట్టింది. "పెద్దమ్మా, గరాజ్ క్లీన్ చేస్తుంటే దొరికింది. నీదే అంట, ఇచ్చెయ్ అంది మమ్మీ" అంది. బోర్డు మీద తెల్ల గుర్రం. నేను వేసిందే, ముందు కాలి వంకరతో సహా. నలభై ఏళ్ళ అక్కసు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

ఎనభైల మొదట్లో మా రెండు కుటుంబాలూ ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో పక్కపక్క వీధుల్లో ఉండేవి. దగ్గర్లో పాతకాలపు పూటకూళ్ళ ఇల్లొకటి, ఇక్కడివాళ్ళ మాటలో టావెర్న్, బాగుచేస్తూ, గుమ్మం ముందు వేలాడదీయడానికి ఆనాటి పద్ధతిలో బొమ్మ బోర్డు వేసిమ్మని ఊళ్ళోవాళ్ళని అడిగారు, వచ్చినవాటిలో ఒకటి ఎంచుకుంటామన్నారు. అప్పటి బాటసారుల్లో చాలామందికి చదువు రాదు గనక, పేరుకి బదులు గుర్రమో సింహమో వేసేవారట. మా నాన్న బెజవాడలో షాపులకి బోర్డులు రాసేవాడు. ఆయన రంగుడబ్బాల మధ్య పెరిగినదాన్ని, ఇంక నాకెవరు పోటీ అనుకున్నాను. తీరా చూస్తే మా తోడికోడలూ పేరిచ్చింది! జన్మలో ముగ్గు తప్ప మరొకటి వేసి ఎరగదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చి మరీ మొదలుపెట్టింది. వంటలో ఆవిడే, పాటలో ఆవిడే, అత్తగారి ఉత్తరాల్లో ముందు పేరు ఆవిడదే. నాకంటూ ఉన్న ఆ ఒక్క విద్యా కావలసొచ్చిందా? కుళ్ళుకున్నాను, దాచడమెందుకు.

బోర్డులు తగిలించి చూసే రోజు నా గుర్రాన్ని ఇనప కొక్కేనికి ఎక్కించారు. అందరూ "బ్యూటిఫుల్" అన్నారు. అంతలో గాలి వీచి బోర్డు గిర్రున తిరిగింది. వెనక ఉత్త చెక్క! బెజవాడలో బోర్డుని గోడకి కొడతారు. వెనకపక్క బల్లులకి తప్ప ఎవరికి కనిపిస్తుంది? ఇక్కడ అది రోడ్డు మీదికి వేలాడుతుంది, రెండు వైపుల నుంచి వచ్చేవాళ్ళకీ కనబడాలి. ఆవిడ సింహం రెండు పక్కలా ఉంది. "అక్కా, ఎంపికకి ఇంకా టైముంది. వెనక నేను వేసిపెట్టనా?" అంది నా చెవిలో. "నీ దయ అక్కర్లేదమ్మా" అని, బోర్డు చెత్తడబ్బా పక్కన పడేసి ఇంటికొచ్చేశాను. సింహమే ఎక్కింది. ఆ తర్వాత ఆ వీధిలో డ్రైవ్ చేయడమే మానేశాను.

ఇప్పుడు బోర్డు తిరగేశాను. వెనక ఇంకో తెల్ల గుర్రం! కాలి వంకర కూడా నాది ఎలా ఉందో అలాగే, దిద్దకుండా వేసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ వేసిన జూలు నా జూలు కంటే బాగుంది. ఫోన్ చేసి ఆ మాట చెప్పడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. నలభై ఏళ్ళు ఆగినదాన్ని, వారం ఓ లెక్కా!